బట్టల్లో చిక్కిన గాలి

చలి ప్రాంతాలకు ట్రెక్కింగ్‌కి వెళ్లేవాళ్లు మందపాటి జాకెట్ గురించే ఎక్కువ టెన్షన్ పడతారు. నిజానికి బట్ట తనంతట తాను వేడి పుట్టించదు. పోగుల మధ్య కదలకుండా చిక్కుకున్న గాలే ఒంటి వేడిని పోనివ్వకుండా కాపాడుతుంది. ఆ గాలి ఉండాల్సిన చోటికి నీరు చేరితే పని చెడినట్టే. గాలిలోకన్నా నీటి గుండా వేడి దాదాపు 25 రెట్లు ఎక్కువగా జారిపోతుంది.

ఆ నీరు వానతోనే రానక్కర్లేదు. బరువు మోస్తూ కొండ ఎక్కుతుంటే గడ్డకట్టే చలిలోనూ చెమట పడుతుంది. కాసేపు ఆగితే వణుకు మొదలవుతుంది. అందుకే అనుభవమున్నవాళ్లు కొంచెం చలేస్తుండగానే నడక మొదలుపెట్టి, ఆగగానే జాకెట్ తొడుక్కుంటారు. ఒక్క మందపాటి కోటు కన్నా మూడు పలుచని పొరలు మేలనేది ఇందుకే. ఎక్కేకొద్దీ విప్పుకోవచ్చు, ఆగితే వేసుకోవచ్చు. లోపలి పొర మాత్రం కాటన్ వద్దు. అది చెమటను పీల్చుకుని ఓ పట్టాన ఆరదు. ఉన్ని తన బరువులో 30 శాతం దాకా తేమను పోగుల్లోపలే దాచుకుంటుంది, ఒంటికి తడి తెలియనివ్వదు.

ఎండాకాలంలో లెక్క తిరగబడుతుంది. ఒక లీటరు చెమట ఆవిరైతే దాదాపు 580 కిలోకేలరీల వేడిని పట్టుకుపోతుంది. పొడి ఎండలో మెల్లగా ఆరే వదులు కాటన్ చొక్కా అప్పుడు హాయినిస్తుంది. అయితే ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకు సగటున 6.5 డిగ్రీలు తగ్గుతాయి కాబట్టి, ఎత్తైన చోట రాత్రి గడపాలంటే వేసవిలోనైనా ఓ వెచ్చని పొర ఉండాల్సిందే.

వానాకాలానిది మరో చిక్కు. నీటిని ఆపి చెమట ఆవిరిని వదిలే రెయిన్ జాకెట్లు, లోపలి తేమ బయటికన్నా ఎక్కువగా ఉంటేనే బాగా పనిచేస్తాయి. బయట గాలి వెచ్చగా, చెమ్మగా ఉంటే ఆవిరి ఎటు పోతుంది? అలాంటి రోజుల్లో ఖరీదైన పొర కన్నా చంకల కింద ఉండే జిప్పులే ఎక్కువ ఆదుకుంటాయని నా నమ్మకం.

రాత్రి స్లీపింగ్ బ్యాగ్‌లోనూ అదే సూత్రం. వీపు కింద నలిగిన భాగంలో గాలి మిగలదు, నేల వేడిని లాగేస్తుంది. చలికాలంలో మంచి మ్యాట్ లేకపోతే ఎంత మంచి బ్యాగైనా సగమే పనిచేస్తుంది. స్టవ్ సంగతి కూడా చూసుకోవాలి. సున్నా డిగ్రీల దగ్గర స్టవ్ డబ్బాలోని బ్యూటేన్ ఇంధనం ఆవిరి కావడం మానేస్తుంది, మైనస్ 42 డిగ్రీల చలి దాకా మరుగుతూనే ఉండే ప్రొపేన్ కలిసిన గ్యాస్ అయితే వెలుగుతుంది. నీళ్ల సీసాను తలకిందులుగా పెట్టుకోండి. మంచు పైనుంచి కడుతుంది కాబట్టి తెల్లారేసరికి మూత దగ్గర నీళ్లు నీళ్లుగానే ఉంటాయి.