మాంగనీసు నుంచి లిథియం దాకా: ముడిసరుకు అంచనాలపై అపోహలు - వాస్తవాలు

పోయిన సంక్రాంతికి చీపురుపల్లి టీ కొట్టు దగ్గర మావయ్య వరసాయన ఒకరు నన్ను పట్టుకున్నారు. "ఏటి బావూ, కరెంటు కార్లకి మాంగనీసు కావాలట కదా. మన గరివిడి పక్క భూములకి రేటొస్తాదా?"

నా పని ముడిసరుకుల గిరాకీ, సరఫరా అంచనా వేయడం. మొదట్లో ఓ ఫెర్రో అల్లాయ్స్ (ఉక్కులో కలిపే మిశ్రలోహాలు) ప్లాంటు పర్చేజ్ సెక్షన్‌లో ఉండేవాణ్ణి. ఇప్పుడు బ్యాటరీలకీ, సోలార్‌కీ, డేటా సెంటర్లకీ కావలసిన లోహాల లెక్కలు చూస్తున్నాను. ఊళ్లో మాత్రం "రేట్లు చెప్పే అబ్బాయి" అంటారు. ఆ రోజు టీ చల్లారేదాకా చెప్పినా మావయ్యకి నా జవాబు నచ్చలేదు. అదే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

అపోహ: మన దగ్గర మాంగనీసు ఉంది, బ్యాటరీకి మాంగనీసు కావాలి. ఇక మన పంట పండినట్టే.

వాస్తవం: మన విజయనగరం జిల్లాలో మాంగనీసు తవ్వకం 1890లలోనే మొదలైంది. కోడూరు గనుల పేరు మీదే ఒక రాయికి కోడురైట్ అని పేరు పెట్టారు. కాబట్టి ఖనిజం ఉందా అంటే ఉంది. అయితే ప్లాంటుకి లారీ వచ్చినప్పుడు జరిగేది చూడాలి. శాంపిల్ తీసిన కుర్రాడి చేతులు మసి పూసుకున్నట్టు ఉంటాయి. కాసేపటికి ల్యాబ్ నుంచి చీటీ వస్తుంది. మాంగనీసు శాతం కంటే ముందు మా కళ్లు ఫాస్ఫరస్ గడి మీదికి పోయేవి. మన ఖనిజంలో అది ఎక్కువ, ఉక్కులో చేరితే ఉక్కు పెళుసెక్కుతుంది. అందుకే విశాఖ పోర్టులో దిగిన విదేశీ ఖనిజాన్ని కలిపి ఫర్నేసులో పోస్తారు.

ప్రపంచంలో తవ్వే మాంగనీసులో దాదాపు 90 శాతం ఉక్కుకే పోతుంది. బ్యాటరీ వాళ్లు అడిగేది రాయిని కాదు, బాగా శుద్ధి చేసిన మాంగనీస్ సల్ఫేట్‌ని. అందులో 90 శాతానికి పైగా చైనాలో తయారవుతుంది. యూరోపియన్ యూనియన్ తన వ్యూహాత్మక ముడిసరుకుల జాబితాలో పనిగట్టుకుని "బ్యాటరీ గ్రేడ్ మాంగనీసు" అని రాసుకుంది. మన కేంద్రం 2023లో ప్రకటించిన 30 కీలక ఖనిజాల్లో మాంగనీసు పేరే లేదు. శ్రీకాకుళం తీరపు ఇసుకలో దొరికే టైటానియం, జిర్కోనియం మాత్రం ఉన్నాయి. ఇది చెప్పగానే మావయ్య ముఖం ముడుచుకుపోయింది.

పలాస వాళ్లకైతే ఇంత చెప్పక్కర్లేదు. అక్కడి ఫ్యాక్టరీల్లో ఆఫ్రికా నుంచి దిగిన జీడి పిక్కలు కూడా పప్పవుతాయి. కాసే చోటు ఒకటి, పప్పయ్యే చోటు ఇంకొకటి. బ్యాటరీల్లో వాడే కోబాల్టు లోహానిదీ అదే కథ: 70 శాతం దాకా కాంగోలో తవ్వుతారు, శుద్ధి ఎక్కువగా చైనాలో జరుగుతుంది. అందుకే గనుల పట్టిక పక్కన రిఫైనరీల పట్టిక లేని రిపోర్టు ఎవరైనా పంపితే నేను చదవను.

అపోహ: అంచనా అంటే ఒక నంబరు చెప్పడం.

వాస్తవం: అలా చెప్పే నేను దెబ్బతిన్నాను. 2022 చివర్లో చైనాలో లిథియం కార్బొనేట్ టన్ను దాదాపు 6 లక్షల యువాన్లు పలికింది. బ్యాటరీ ప్యాకులు బిగించే ఓ చిన్న కంపెనీ సలహా అడిగితే, "ఇంకో రెండేళ్లు ఇది దిగదు" అని రాసిచ్చాను. వాళ్లు ఆ రేటుకే ఏడాది ఒప్పందం చేసుకున్నారు. 2024 మొదటికి ధర లక్ష యువాన్లకి అటూ ఇటూగా వచ్చేసింది. ఆ ఏడాది వాళ్ల ఫోన్ వస్తే చాలు, నాకు టెన్షన్.

తర్వాత ఎక్సెల్ షీటు తెరిచి వరసవరసా వెతికాను. తప్పు గిరాకీ వైపే దొరికింది. ఉల్లి రేటు పెరుగుతోందంటే ఇంట్లో అరకిలో వాడేవాళ్లు కూడా ఐదు కిలోలు తెచ్చి పెట్టుకుంటారు. కంపెనీలూ అంతే, భయపడి గోడౌన్లు నింపుకున్నాయి. ఆ నిల్వనంతా నేను వాడకం కింద లెక్కేశాను. పైగా చైనాలో కరెంటు కార్ల కొనుగోలు సబ్సిడీ 2022 డిసెంబరుతో ఆగిపోయింది. ఆ సంగతి నాకు తెలుసు, షీటులో మాత్రం పెట్టలేదు.

ఇప్పుడు ఒక్క నంబరు బదులు గ్రాఫులో ఎక్కువ, మధ్యస్థం, తక్కువ అని మూడు గీతలు గీసి, ఏది జరిగితే ఏ గీత నిజమవుతుందో పక్కన రాస్తాను. ఉదాహరణకి, నికెల్, కోబాల్టు అక్కర్లేని లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు 2024కల్లా కరెంటు కార్ల బ్యాటరీల్లో సగం దాకా వచ్చేశాయి. వీటి వాటా పది శాతం అటూ ఇటూ మారితే కోబాల్టు లెక్కంతా తారుమారవుతుంది. క్లయింట్లకి మూడు గీతలు నచ్చవు. "అవన్నీ సరే సార్, ఒక్క మాట చెప్పండి" అంటారు.

అపోహ: ధర పెరిగితే గనులు వాటంతటవే తెరుచుకుంటాయి.

వాస్తవం: 2018లో తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరిని కూల్చేసింది. తర్వాత కాయ రేటు ఎంత పలికినా, కొత్తగా నాటిన మొక్క కాపుకొచ్చే దాకా రైతు ఏళ్ల తరబడి ఆగాల్సిందే. గనికైతే ఇంకా ఎక్కువ: ఖనిజం కనిపెట్టిన నాటి నుంచి సరుకు బయటికొచ్చేదాకా సగటున 16 ఏళ్ల పైమాటే అని అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్క. లిథియం ధర పెరిగినప్పుడు త్వరగా వచ్చిన సరుకు చాలావరకు అప్పటికే నడుస్తున్న, సగంలో ఉన్న గనులది. జమ్మూలోని రియాసిలో 59 లక్షల టన్నుల లిథియం అని 2023 ఫిబ్రవరిలో వాట్సాప్ హోరెత్తింది గుర్తుందా? అది తొలి దశ సర్వేలో ఊహించిన వనరు మాత్రమే. వేలం పెడితే సరిపడా బిడ్లు రాలేదు.

నడుస్తున్న గనికీ భరోసా లేదు. 2024 మార్చిలో మేగన్ తుపాను ఆస్ట్రేలియాలో గ్రూట్ ఐలాండ్ మాంగనీసు గని రేవుని దెబ్బతీసింది. ఖనిజం ఉన్నచోటే ఉంది, ఓడకి ఎక్కించే దారి లేదు. కొద్ది నెలల్లో మేలురకం ఖనిజం ధర రెట్టింపైంది. ఆ ఖనిజంతో మన ఫర్నేసుల్లో చేసే సిలికో మాంగనీస్ అనే మిశ్రలోహం టన్నుకి 4,000 యూనిట్ల దాకా కరెంటు తాగుతుంది. ఖనిజమూ కరెంటూ రెండూ పిరమైతే ఫర్నేసు ఆపేయడమే మిగులుతుంది. అలా కొనేవాళ్లు తగ్గాక, ఆ ఏడాది తిరక్కుండానే ధర మళ్లీ దిగింది.

అపోహ: చిప్‌లలో వాడే గాలియం లాంటి లోహాలు కావాలంటే ఎక్కువ తవ్వుకుంటే సరి.

వాస్తవం: తవుడు రేటు పెరిగిందని మిల్లరు అదనంగా ధాన్యం ఆడించడు. గాలియం అల్యూమినా (అల్యూమినియానికి ముడిపదార్థం) తయారీలో, జెర్మేనియం ఎక్కువగా జింకు శుద్ధిలో వచ్చే తవుడు లాంటివి. 2023 ఆగస్టు నుంచి చైనా ఈ రెంటి ఎగుమతులకి లైసెన్సు పెట్టింది. మన పొరుగున ఒడిశాలోని దమన్‌జోడిలో ఉన్నలాంటి అల్యూమినా రిఫైనరీల ద్రావణంలో గాలియం కొద్దికొద్దిగా ఉంటుంది. అది బయటికి తీయడానికి వేరే యూనిట్ కావాలి.

అపోహ: డిజిటల్‌కి ముడిసరుకుతో పనేముంది, అంతా క్లౌడే కదా.

వాస్తవం: విశాఖలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడిని 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించింది కదా, అందరూ చిప్‌ల గురించే మాట్లాడారు. నా షీటులో చిప్‌ల కంటే కేబుళ్ల రాగి, ట్రాన్స్‌ఫార్మర్ల ఉక్కు ఎక్కువ గడులు తినేస్తాయి. ప్రపంచ డేటా సెంటర్లు 2024లో 41,500 కోట్ల యూనిట్ల కరెంటు వాడాయి. 2030కి ఇది రెట్టింపు దాటుతుందని అంతర్జాతీయ ఇంధన సంస్థ అంచనా. ఆ కరెంటు మోసే తీగలనీ లెక్కలో వేసుకోవాలి.

అపోహ: పాత బ్యాటరీలు కరిగిస్తే చాలు, గనులే అక్కర్లేదు.

వాస్తవం: కారు బ్యాటరీ పదేళ్ల పైనే బతుకుతుంది. అంటే ఈరోజు తుక్కుకి వచ్చేది పదేళ్ల కిందట అమ్మినది, అప్పట్లో అమ్మిందే తక్కువ. విజయనగరంలో మా వీధికి వచ్చే పాతసామాన్ల అతను ఇన్వర్టర్ బ్యాటరీ అయితే ఎగిరి గంతేసి కిలోల లెక్కన కొంటాడు. మొన్న స్కూటర్ లిథియం ప్యాక్ ఒకటి చూపించాను. రెండడుగులు వెనక్కి వేశాడు. "నాకొద్దు సార్, అంటుకుంటాది" అన్నాడు.