‘ఛీ, పురుగు’ అనకముందు ఒక్క నిమిషం

ఆదివారం తెల్లవారుజామున చెన్నై బీసెంట్ నగర్ బీచ్‌లో మన తెలుగు పిల్లల్ని నీటి అంచు వెంట నడిపిస్తుంటాను. ఒడ్డున కనిపించే చిన్న చిన్న సముద్ర ప్రాణుల్ని పిల్లలు వంగి చూస్తారు. పెద్దవాళ్లు ‘ఛీ, పూచ్చి!’ అని చెయ్యి పట్టి లాగేస్తారు. వాళ్లనుంచి తరచూ వినే మాటలివి.

అపోహ: సీ స్లగ్ అంటే సముద్రపు జలగ.
వాస్తవం: జలగ వానపాముకు చుట్టం, సీ స్లగ్ నత్తకు చుట్టం. గుడ్డులోంచి వచ్చేటప్పుడు దీనికీ చిట్టి గుల్ల ఉంటుంది. ఎదిగేకొద్దీ చాలా రకాలు దాన్ని వదిలేస్తాయి. “అంటే ఇల్లు ఖాళీ చేసిన నత్తా ఆంటీ?” అని ఒక పాప అడిగింది. ఇంతకంటే బాగా నేను చెప్పలేను.

అపోహ: ఇంత చిన్నది, ముద్దుగా ఉంది, పట్టుకుంటే ఏమవుతుంది?
వాస్తవం: ఈశాన్య గాలులు తీరంవైపు వీచే రోజుల్లో బ్లూ డ్రాగన్ అనే సీ స్లగ్ ఒక్కోసారి కొట్టుకొస్తుంది. మూడు సెంటీమీటర్లు ఉంటుందేమో. ఇసుక మీద నీలం ముద్దలా పడి ఉంటే ఎవరికీ ఆనదు. స్టీలు గరిటెతో తీసి, సముద్రపు నీళ్లున్న తెల్ల గిన్నెలో వేస్తాను. కాసేపటికి వేళ్లలాంటి కొసలు ఒక్కొక్కటిగా విచ్చుకుంటాయి. పిల్లలు ఊపిరి బిగబట్టేస్తారు. అది వెల్లకిలా తేలుతుంది. మనకు కనిపించే ఆ నీలం దాని పొట్టవైపుది, వెండిరంగు వీపు కిందికి ఉంటుంది. పైనుంచి చూసే పక్షికి నీళ్లలా, కిందనుంచి చూసే చేపకు వెలుగులా కనిపిస్తుంది. దీని తిండి పోర్చుగీస్ మ్యాన్ ఆఫ్ వార్ అనే, జెల్లీ ఫిష్‌లాంటి కుట్టే జీవి. దాని కుట్టే కణాలను అరిగించుకోకుండా తన వేళ్ల కొసల్లోనే దాచుకుంటుంది. అందుకే గరిటె. చేత్తో వద్దే వద్దు.

అపోహ: చచ్చిన జెల్లీ ఫిష్ ఏం చేస్తుంది?
వాస్తవం: ఒడ్డున ఎండుతున్నదైనా కుట్టగలదు. కుడితే ఇసుకతో రుద్దకండి, మంచినీళ్లు పోయకండి. ఊపిరి ఆడటం కష్టమైతే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

అపోహ: ఇలాంటివి చూడాలంటే అండమాన్ పోవాలి.
వాస్తవం: మెరీనాలో అల వెనక్కి వెళ్లగానే తడి ఇసుకలో దూరిపోయే చిన్న ఇసుక పీతల్ని చూపించండి, చాలు.

అపోహ: సీసాలో వేసి ఇంటికి తెచ్చుకుంటే ఇంకా నేర్చుకుంటారు.
వాస్తవం: చాలా సీ స్లగ్‌లు ఏవో ఒకటి రెండు రకాల తిండే తింటాయి. ఇంట్లో ఆకలితో చచ్చిపోతాయి. సముద్ర గుర్రాలు, సముద్ర దోసకాయలైతే 2001 నుంచి వన్యప్రాణి చట్టం రక్షణలో ఉన్నాయి. వాటిని పట్టడం నేరం. సీసాకు బదులు కాగితం, నీలం పెన్సిల్ తెమ్మంటాను. మొన్న ఒక బాబు బ్లూ డ్రాగన్ వేళ్లన్నీ లెక్కపెట్టి మరీ గీశాడు.