మునక వేరు, ముంపు వేరు

బడిపిల్లల చదువులో ‘ఇమ్మర్షన్’ అనే పద్ధతి ఒకటి ఉంది. కొత్త భాషను ఒక పాఠంగా కాక, చదువే ఆ భాషలో చెప్పి నేర్పడం అన్నమాట. ఆ మాటకు తెలుగు చెప్పమంటే ఎవరైనా నిమజ్జనం అంటారు. నిమజ్జనం అనగానే మనకు వినాయకుడు గుర్తొస్తాడు. హుస్సేన్‌సాగర్‌లో దిగిన విగ్రహం మళ్లీ పైకి రాదు. పిల్లల చదువుకు ఆ పేరు పెట్టడానికి మనసొప్పడం లేదు కనుక, నేను ‘మునక’ అంటాను. పుష్కరాల్లో మునక వేసినవాళ్లు లేచి తల తుడుచుకుని ఇంటికి వెళతారు.

ఈ పద్ధతి పేరు పొందింది కెనడాలో. క్యుబెక్ రాష్ట్రంలో, మాంట్రియల్‌కు సెయింట్ లారెన్స్ నది అవతల, సెయింట్ లాంబర్ట్ అనే ఊరు ఉంది. 1960లలో అక్కడి ఇంగ్లిషు కుటుంబాలకు ఒక బెంగ పట్టుకుంది. రాష్ట్రంలో ఫ్రెంచి వాళ్ల పలుకుబడి పెరుగుతోంది. తమ పిల్లలేమో ఏళ్ల తరబడి బడిలో ఫ్రెంచి పాఠాలు చదివి కూడా పక్కింటివాళ్లతో నాలుగు మాటలు మాట్లాడలేకపోతున్నారు. హిందీ పరీక్షలన్నీ గట్టెక్కి, తీరా రైలు నాగపూర్ దాటాక నోరు పెగలని మనవాళ్లకు ఈ బాధ విడమరచి చెప్పనక్కరలేదు.

1963 నుంచి కొందరు తల్లిదండ్రులు స్కూలు బోర్డు చుట్టూ తిరిగారు. మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి వెళ్లి మనస్తత్వ శాస్త్రవేత్త వాలెస్ లాంబర్ట్‌ను సలహా అడిగారు. ఆయన పేరూ ఊరి పేరూ కలవడం కాకతాళీయమే. రెండు భాషలు నెత్తిన పెడితే పిల్లల బుర్ర గందరగోళమవుతుందని అప్పటిదాకా చదువుకున్నవాళ్లే నమ్మేవారు. 1962లో లాంబర్ట్, ఎలిజబెత్ పీల్ కలిసి మాంట్రియల్‌లోని పదేళ్ల పిల్లలను పరీక్షిస్తే, రెండు భాషలూ బాగా వచ్చినవాళ్లే తెలివితేటల పరీక్షల్లో ముందున్నారు. ఆ ధైర్యంతో 1965 సెప్టెంబరులో 26 మంది కిండర్‌గార్టెన్ పిల్లలతో ప్రయోగ తరగతి మొదలైంది.

ఆ తరగతిలో ఉపాధ్యాయురాలు మాట్లాడేది ఫ్రెంచిలోనే. పిల్లలు మాత్రం ఆ మొదటి ఏడాది ఇంగ్లిషులో మాట్లాడినా తప్పు లేదు. కోటు గుండీ పట్టడం లేదని ఒక పిల్లవాడు ఇంగ్లిషులో గునిశాడనుకోండి. ఆమె ఫ్రెంచిలో బదులు చెబుతూనే వంగి గుండీ పెడుతుంది. వాడి మాట ఆమెకు అర్థమైంది, ఆమె మాట వాడికి చేతి పనిని బట్టి అర్థమైంది. ఒకటో తరగతిలో చదవడం, రాయడం, లెక్కలు అన్నీ ఫ్రెంచిలోనే నేర్చుకున్నారు. రెండో తరగతిలో ఇంగ్లిషు పాఠం చేరింది. ఆ వాటా ఏటా పెరుగుతూ, ప్రాథమిక చదువు ముగిసేసరికి దాదాపు సగానికి వచ్చింది.

మొదట్లో ఇంగ్లిషు చదవడంలో వెనుకబడ్డ పిల్లలు ఆ పాఠాలు మొదలయ్యాక త్వరలోనే అందుకున్నారు. లెక్కల్లో నష్టం లేదు. ఫ్రెంచి వినడం, చదవడం ఇంచుమించు ఫ్రెంచి పిల్లల స్థాయికి చేరింది. ఇక్కడితో ఆపితే కథ సుఖాంతమే. కానీ నన్ను ఎక్కువగా పట్టి ఆపింది ఆ పిల్లలకు రానిది.

ఫ్రెంచిలో మనలాగే నువ్వు, మీరు ఉన్నాయి: ‘త్యు’, ‘వూ’. కెనడాలో మునక తరగతుల్లో ఏళ్ల తరబడి చదివిన పిల్లలు కూడా పెద్దవాళ్లను ‘త్యు’ అనేస్తున్నారని పరిశోధకులు గమనించారు. పిల్లలకు పొగరేమీ లేదు. తరగతిలో టీచరు ఒక్కో పిల్లవాడిని ‘త్యు’ అంటుంది, అందరినీ కలిపి ‘వూ’ అంటుంది. ఒక మనిషిని మన్నించి ‘వూ’ అనడం వాళ్ల చెవిన పడితే కదా? మన ఇళ్లలో తాతయ్య వచ్చినప్పుడు అమ్మ గొంతు మారడం చూసి పిల్లలు ‘మీరు’ నేర్చుకుంటారు. తరగతి గదిలోకి తాతయ్య రాడు.

భూతకాలం సంగతీ అంతే. టొరంటోకు చెందిన భాషా పరిశోధకురాలు మెరిల్ స్వెయిన్ బృందం తరగతుల్లో కూర్చుని టీచర్ల మాటలు రికార్డు చేసింది. చరిత్ర పాఠంలో జరిగిపోయిన సంగతులు కోకొల్లలుగా వినిపించాలి కదా! వినిపించలేదు. పాఠం కళ్లకు కట్టాలని టీచరు, వీళ్లు ఈ చక్కెరను ఎక్కడ అమ్మబోతున్నారు అన్నట్టు, పాత కథను ముందు జరగబోయేదానిలా చెబుతోంది. చరిత్ర బాగానే వచ్చింది, భూతకాల క్రియలు రాలేదు. ఎంత విన్నా సరిపోదు, తప్పో ఒప్పో పిల్లలు ఆ భాషలో తామే వాక్యం కూర్చి మాట్లాడాలి, రాయాలి అని స్వెయిన్ 1985లో వాదించింది మునక తరగతుల అనుభవంతోనే.

సెయింట్ లాంబర్ట్ ఫలితాలు చూపించి, చిన్నప్పుడే ఇంగ్లిషు మీడియంలో పడేస్తే సరి అనేవాళ్లు మన దగ్గర ఉన్నారు. వాళ్లు చెప్పేది మునక గురించి కాదు, ముంపు గురించి, అంటే కొత్త భాష ఇంటి భాషను ముంచేయడం గురించి. అక్కడి పిల్లల ఇంటి భాష ఇంగ్లిషు. బజారులో, టీవీలో, ఉద్యోగంలో దానికి వచ్చిన లోటు లేదు. తరగతిలో అందరూ ఒకే మెట్టు మీద మొదలయ్యారు. ఇంటి భాషను బడి కొన్నాళ్లు పక్కన పెట్టి మళ్లీ తెచ్చింది. లాంబర్ట్ దీన్ని కూడికగా చూశాడు. కొత్త భాష వచ్చి ఉన్న భాషను తోసేస్తే అది తీసివేత. తెలుగులో మాట్లాడితే జరిమానా వేసే బడి ఏ లెక్క చేస్తోందో వేరే చెప్పాలా?

కెనడాకే చెందిన విద్యా పరిశోధకుడు జిమ్ కమ్మిన్స్ చెప్పిన ఇంకో మాట మనకు పనికొస్తుంది. భాషలు పైకి వేరుగా కనిపించినా లోపల ఆలోచనకు పునాది ఒక్కటే. భాగహారంలో శేషం ఎందుకు మిగులుతుందో తెలుగులో అర్థమైన పిల్లకు ఇంగ్లిషులో కావలసింది పేరు మాత్రమే. అయితే ఒక తేడా మరువకూడదు. ఇంగ్లిషు, ఫ్రెంచి రెండింటికీ లిపి ఒకటే. గుణింతాలు, ఒత్తులు దాటి వచ్చిన మన పిల్లలు మళ్లీ ఏ బి సి డిలతో మొదలుపెట్టాలి. సెయింట్ లాంబర్ట్ పిల్లలు అందుకున్నంత వేగంగా వీళ్లూ అందుకుంటారని అనుకోలేం.

ఆంధ్రప్రదేశ్‌లోనూ, తర్వాత తెలంగాణలోనూ ప్రభుత్వ బడులకు ఒక పేజీ ఇంగ్లిషు, ఎదురు పేజీ తెలుగుగా పుస్తకాలు వచ్చాయి. నాకు ఆ ఏర్పాటు నచ్చింది. పుస్తకంలో తెలుగుకు చోటిచ్చి పిల్లల నోటికి ఇవ్వకపోతే మాత్రం ఎదురు పేజీ ఉండీ లేనట్టే.

తెలుగు కూడా కొందరికి ముంపే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2004లో గోండి, కోయ, కొలామి, సవర వంటి ఎనిమిది భాషల్లో, తెలుగు లిపితో, గిరిజన పిల్లల కోసం ప్రాథమిక బోధన మొదలుపెట్టింది. గోండి పిల్లవాడికి ‘ఏర్’ అంటే నీళ్లు. తెలుగు వాచకంలో ఏరు అంటే వాగు. చెంబులోని నీళ్లు చూపించి వాడు ‘ఏర్’ అంటే, ఆ భాష తెలియని పంతులు తప్పు కొడతాడు. తెలిసిన పంతులు వాడిని బడి వెనుక పారే వాగు దగ్గరికి తీసుకెళ్లి, దీన్ని మేం ఏరు అంటాం అని చూపిస్తాడు.