అంగుళం సాగితే ఎంత సాగినట్టు?

పాత నల్గొండ జిల్లా పోచంపల్లి చీర మీది డిజైన్ బట్టకు అద్దింది కాదు. నేయకముందే దారాలకు చిటికి కట్టి, అంటే రంగు అంటకూడని చోట్ల బిగించి కట్టి, రంగులో ముంచి తీస్తారు. అందుకే మగ్గం మీద ఒక పోగు పక్కపోగు కంటే కాస్త ఎక్కువ సాగినా బొమ్మ అంచు చెదురుతుంది.

కాస్త అంటే ఎంత? "సెంటీమీటరు సాగింది" అంటే ఏమీ చెప్పనట్టే. మీటరు పోగు అంత సాగడం వేరు, పది మీటర్ల పడుగు (మగ్గం మీది నిలువుపోగు) అంతే సాగడం వేరు. సాగిన పొడవును అసలు పొడవుతో భాగిస్తే మొదటిది 0.01, రెండోది 0.001. ఇంటర్ ఫిజిక్స్ పుస్తకంలో దీని పేరు వికృతి. పొడవును పొడవుతోనే భాగించాం కాబట్టి ప్రమాణం ఉండదు. పేరు విని జడుసుకోకండి. వ్యాకరణంలో రాత్రికి రాతిరి వికృతి కాదూ, ఇదీ అలాంటిదే: ఆకారం కొద్దిగా మారింది, అంతే.

ఇప్పుడు పది మీటర్ల పడుగులో ఒక్క పోగుకు 0.01 వికృతి అదనంగా వచ్చిందనుకోండి. కట్టిన కొస దగ్గర బొమ్మ కదలదు. మీటరు దూరంలో సెంటీమీటరు, ఐదు మీటర్ల దగ్గర ఐదు, చివరికొచ్చేసరికి పది సెంటీమీటర్లు జరిగిపోతుంది! వికృతి పొడవునా ఒకటే, జరుగుడు మాత్రం పోగవుతూ వస్తుంది. పోగులన్నిటికీ ఒకే టెన్షన్ ఉండాలనేది ఇందుకే.

పేకకు (అడ్డపోగుకు) ఆసు పోయడంలోనూ, అంటే చిటికి కట్టేముందు దారాన్ని మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పి చుట్టడంలోనూ, ఇదే తంటా. ఒక్క చీరకే చేయి వేలసార్లు అటూ ఇటూ ఆడాలి. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం తల్లి చేతినొప్పి చూడలేక ఆసు యంత్రం తయారుచేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. నాకైతే అందులో ఫిజిక్సే ముందు కనబడుతుంది: చివరి చుట్టు దగ్గర కూడా యంత్రానికి చేయి నొప్పెట్టదు, కాబట్టి దారం మీద లాగుడు మారదు.

ఎంత లాగితే అంత సాగుతుందని ఇంగ్లండ్ శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ 1678లో చెప్పాడు. అది ఒక హద్దు వరకే. పది మీటర్ల మామూలు ఉక్కు కడ్డీ సుమారు 12 మిల్లీమీటర్లు దాటి సాగితే పూర్తిగా వెనక్కి రాదు. పట్టుపోగు తెగేలోపు దాదాపు 20 శాతం సాగగలదు, కానీ మొదటి రెండుమూడు శాతం దాటాక అదీ పాత పొడవుకు పూర్తిగా రాదు. పైగా పట్టు తేమ పీలుస్తుంది, తడిస్తే ఇంకా సులువుగా సాగుతుంది. ఎండాకాలం సరిగ్గా కుదిరిన లాగుడే ముసురు రోజున అదే పోగును ఎక్కువ సాగదీస్తుంది.