గరగర అంతా రికార్డుదేనా?

నల్గొండలో పాత గ్రామఫోన్ రికార్డులను సీడీల్లోకి ఎక్కించే పని చేస్తుంటాను. తెచ్చేవాళ్లు ముందే అనేస్తారు: "పాత ప్లేటు కదన్నా, ఆ మాత్రం సప్పుడు ఉంటది."

అపోహ: చప్పుడంతా పాత రికార్డుదే.

వాస్తవం: ముల్లు పైకి లేపి వినండి. అప్పుడూ 'గుమ్' మని మోత వస్తుంటే రికార్డును తిట్టి లాభం లేదు. అది కరెంటు మోత. మన కరెంటు 50 హెర్ట్జ్, మోత కూడా ఆ 50 దగ్గర, 100 దగ్గర వినిపిస్తుంది. టర్న్‌టేబుల్ నుంచి వచ్చే సన్నటి ఎర్త్ వైరు ఆంప్లిఫయర్ వెనక స్క్రూకు బిగించి ఉందో లేదో చూడండి. అదీ బాగుంటే ల్యాప్‌టాప్ చార్జర్ తీసేసి బ్యాటరీ మీద రికార్డు చేయండి. నేను ఓసారి ముల్లు మార్చి, వైర్లు మార్చి రెండు రోజులు తల పట్టుకున్నా. చార్జర్ పీకగానే గది నిశ్శబ్దం! మోత పోతుందని ప్లగ్గులో ఎర్త్ పిన్ను మాత్రం విరగ్గొట్టకండి, షాక్ కొడుతుంది.

అపోహ: నల్లా కింద పెట్టి కడిగితే సరి.

వాస్తవం: మా బోరు నీళ్లు బకెట్లకే తెల్లచారలు కడతాయి. రికార్డు ఆరాక ఆ ఉప్పే గాడిలో మిగిలి పటపటలాడుతుంది. డిస్టిల్డ్ వాటర్, మెత్తటి బట్ట చాలు, లేబుల్ తడవనీయకండి. 78 స్పీడు (నిమిషానికి 78 చుట్లు తిరిగే) లక్క రికార్డులకు స్పిరిట్, శానిటైజర్ అసలు తగలనీయొద్దు. లక్క కరిగిపోతుంది.

అపోహ: రికార్డింగ్ లెవల్ ఎంత పెంచితే అంత మంచిది.

వాస్తవం: మీటరు ఎర్రగీతను తాకితే సౌండు పగులుతుంది, మళ్లీ అతకదు. పాటలో గట్టిగా వచ్చే చోట మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా పెట్టుకోండి.

అపోహ: మిగిలింది సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది.

వాస్తవం: నాయిస్ రిడక్షన్ (చప్పుడు తగ్గించే సాధనం) అతిగా వాడితే గాయకుడు బావిలోంచి పాడినట్టుంటుంది. 'టిక్' శబ్దాలను ముందు లెక్కపెట్టండి. 33 స్పీడు ఎల్‌పీలో గీత పడితే సుమారు 1.8 సెకన్లకోసారి, అంటే చుట్టుకోసారి, టిక్కుమంటుంది. మళ్లీ వేసినప్పుడు టిక్కులు చోటు మారాయంటే తప్పు కంప్యూటర్‌ది, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో బఫర్ (వచ్చే సౌండును కాసేపు దాచుకునే జాగా) పెంచండి.

పెళ్లిళ్లలో మైక్ సెట్ల మీద అరిగిన రికార్డుల సంగతి వేరు. గాడే అరిగిపోతే కడిగినా రాదు, సాఫ్ట్‌వేర్‌తోనూ రాదు. అలాంటివి తెస్తే డబ్బులు తీసుకోకముందే చెప్పేస్తాను.