కాజిం పేరులో దాగిన తోలుతిత్తి

మా మేనత్త కొడుకుది జగిత్యాల దగ్గర ఊరు. చాలా ఏళ్లుగా గల్ఫ్‌లో ఉన్నాడు. పెద్ద పెద్ద భవనాల్లో మంటలు ఆర్పే పైపులు బిగించడం అతని పని. పోయినసారి సెలవు మీద వచ్చినప్పుడు హనుమకొండలో మా ఇంట్లో రెండు రోజులున్నాడు. అప్పుడు చెప్పాడు ఈ సంగతి.

సైట్‌లో ఎవరో ఊరికే తిడితే కోపం ఆపుకున్నాడట. ఆ మాట తన అరబ్ సూపర్‌వైజర్‌కు చెప్పాలని ఫోన్‌లో ‘సప్రెస్’ అనే ఇంగ్లిష్ మాట కొట్టి, అరబ్బీలో ఏమంటారని చూశాడు. ‘కమ్‌అ’ అని వచ్చింది. “ఆయన తల అడ్డంగ ఊపిండు బావా. అది పోలీసులు జనాన్ని అణిచేటప్పుడు అనే మాటనట. కోపానికైతే ‘కజ్మ్’ అనాలె అన్నడు. రెండూ ఆపుడే కద, రెండు మాటలెందుకు?”

మంచి ప్రశ్న. సప్రెస్ లాటిన్ నుంచి వచ్చింది. ‘సబ్’ అంటే కింద, ‘ప్రెమెరె’ అంటే నొక్కడం. మనం రోజూ వాడే ప్రెస్, ప్రెషర్, డిప్రెషన్ కూడా ఆ ప్రెమెరె సంతానమే. ఇంగ్లిష్‌లో తిరుగుబాటును, దగ్గును, నవ్వును, వార్తను, కణితిని అన్నింటినీ ఆ ఒక్క క్రియే కిందికి నొక్కేస్తుంది. అరబ్బీ మాత్రం దేన్ని ఆపుతున్నావో ముందు చెప్పమంటుంది.

అరబ్బీ మాటలు ఎక్కువగా మూడు హల్లుల ధాతువు నుంచి పుడతాయి. ధాతువు దొరికితే మాట వెనకున్న బొమ్మ కనిపిస్తుంది. కమ్‌అ పుట్టిన ధాతువు నుంచే ‘మిక్‌మఅ’ అనే మాట వచ్చింది. మిక్‌మఅ అంటే తల మీద కొట్టే ఇనుప గద. జనాన్ని అణచడానికి ఆ మాట ఎందుకు నప్పిందో వేరే చెప్పక్కర్లేదు. ‘కత్మ్’ అంటే బయటికి పొక్కకుండా దాచడం. రహస్యానికి, చప్పుడుకు అది వాడతారు. తుపాకీకి తగిలించే సైలెన్సర్ అరబ్బీలో ‘కాతిమ్ అస్సౌత్’, అంటే ధ్వనిని దాచేది.

నాకు అన్నింటికంటే నచ్చింది కజ్మ్. పాత అరబ్బీ నిఘంటువులు దీని కింద ఒక ఎడారి దృశ్యం చూపిస్తాయి. తోలుతిత్తి నిండా నీళ్లు నింపి, దాని మూతి బిగించి కట్టడం. కోపం నిండుగా ఉంది, మూతి కట్టేశారు, చుక్క బయటికి రాలేదు. ఖురాన్ 3వ అధ్యాయం 134వ వాక్యం మెచ్చుకున్నది ఇలా కోపాన్ని బిగబట్టినవాళ్లనే. వరంగల్‌లో మనకు తెలిసిన ‘కాజిం’ అనే పేరు దీన్నుంచే వచ్చింది. కాజిం అంటే కోపాన్ని దిగమింగినవాడు. కాజీపేటలోని కాజీ మాత్రం వేరు. అది న్యాయాధికారి అనే అర్థమున్న మరో అరబ్బీ మాట.

మన తెలుగూ ఇక్కడ అరబ్బీ దారిలోనే ఉంది. కోపం దిగమింగుతాం, ఊపిరి బిగబడతాం, నవ్వు ఆపుకుంటాం. ఫైలు తొక్కిపెడతారు, గొంతు నొక్కేస్తారు, ఉద్యమాన్ని అణచివేస్తారు. అణచడానికి జంటగా అణగడం కూడా ఉంది. తనంతట తాను తగ్గితే అణగడం, ఇంకొకరు తగ్గిస్తే అణచడం. తమిళంలోని అడంగు, అడక్కు జంట వీటికి చుట్టాలే.

మరి తిత్తి మూతి కట్టేస్తే లోపలి నీళ్లు ఏమవుతాయి? దీన్ని మనస్తత్వ శాస్త్రవేత్తలు పరీక్షించి చూశారు. 1987లో డానియెల్ వెగ్నర్ బృందం కొందరిని కూర్చోబెట్టి, అయిదు నిమిషాల పాటు తెల్ల ఎలుగుబంటి గురించి తలచుకోవద్దని చెప్పింది. తలపుకొస్తే గంట కొట్టాలి. గంటలు మోగుతూనే ఉన్నాయి. ఆ తర్వాత ‘ఇక తలచుకోవచ్చు’ అంటే, మొదటి నుంచీ తలచుకోమన్నవాళ్లకంటే వీళ్లకే ఎలుగుబంటి ఎక్కువసార్లు గుర్తుకొచ్చింది. ఒక తలపు రాకూడదని కాపలా కాయాలంటే, మనసు ఆ తలపునే వెతుకుతూ ఉండాలి కదా.

1993లో జేమ్స్ గ్రాస్, రాబర్ట్ లెవెన్సన్ మరో పరీక్ష చేశారు. ఏవగింపు పుట్టించే చిన్న ఫిల్మ్ చూపించి, కొందరిని ముఖంలో ఏమీ కనపడనీయొద్దన్నారు. ముఖాలు నిమ్మళంగానే కనిపించాయి. కానీ లోపలి ఏవగింపు తగ్గలేదు, చర్మం మీద చెమట స్పందన పెరిగింది. కజ్మ్ బొమ్మ ఎంత సరైనదో నాకు ఇక్కడ అర్థమైంది. మూతి కట్టడం వేరు, తిత్తి ఖాళీ చేయడం వేరు. కోపం ఆపుకున్నవాడిని ‘ఏం టెన్షన్ లేని మనిషి’ అనుకోవడం మనం చేసే పెద్ద పొరపాటు.

అరబ్బీ వైద్యులు కూడా ఈ తేడాలు పాటిస్తారు. కణితులు పెరగకుండా కాపు కాసే జన్యువు వాళ్లకు ‘కాబిత్’. కోరికలను మనసు లోతుల్లోకి నెట్టేయడం గురించి మనోవిశ్లేషకుడు ఫ్రాయిడ్ చెప్పాడు కదా, దానికి అరబ్బీలో వాడే ‘కబ్త్’ కూడా ఆ ధాతువుదే. కిడ్నీ మార్పిడి తర్వాత రోగనిరోధక శక్తిని తగ్గించడానికి ఇచ్చే మందులకు మళ్లీ వేరే మాట, ‘ముసబ్బిత్’. ముందుకు పోకుండా వెనక్కి పట్టి ఉంచేది అని.

ఈ కుటుంబంలో ఒక మాట మన నోట్లోనే ఉంది. అరబ్బీలో ‘దబ్త్’ అంటే గట్టిగా పట్టి ఉంచడం, అదుపు. ‘దబ్త్ అన్నఫ్స్’ అంటే మనోనిగ్రహం. ఉర్దూలో అది ‘జబ్త్’ అయింది. కోపాన్ని అదుపు చేసినా, ఆస్తిని స్వాధీనం చేసుకున్నా అదే మాట. నిజాం కాలంలో కచేరీల భాష ఉర్దూ కాబట్టి ఇక్కడివాళ్లు ఆ మాట రోజూ విన్నారు. అప్పు కట్టకపోతే వచ్చే ‘జప్తు’ అదే.

మా వాడు బిగించే పైపుల మాట అడిగాను. పెట్టెల మీద ‘ఇఖ్మాద్’ అని రాసి ఉంటుందన్నాడు. అంటే మంటను అణచడం. దీని వెనకున్న ‘ఖుమూద్’కు నిఘంటువులు చెప్పే అర్థం చదివి వినిపించాను. మంట తగ్గింది, నిప్పు కణికలు మాత్రం ఇంకా ఆరలేదు. పూర్తిగా ఆరిపోతే దానికి ‘హుమూద్’ అని ఇంకో మాట ఉంది.

“నివురుగప్పిన నిప్పు అన్నట్టు” అన్నాడు. కాసేపు ఆగి, సైట్‌లో తిట్టినవాడి గురించి మళ్లీ మొదటి నుంచి చెప్పసాగాడు.