పంది రక్తం చెప్పేది ఊరి సంగతి

పెరూలోని ఆండీస్ కొండల సంతల్లో పందిని బేరమాడేవాళ్లు ముందు దాని నోటిలో కర్ర పెట్టి, నాలుక బయటికి లాగి, కింద వేలితో తడిమి చూస్తారు. గింజల్లాంటి తిత్తులు తగిలితే ధర పడిపోతుంది. ఈ పరీక్ష ప్రాచీన గ్రీకుల కాలంలోనే ఉంది.

ఆ తిత్తులు బద్దెపురుగు పిల్లలు. 1853లో బెల్జియం శాస్త్రవేత్త వాన్ బెనెడెన్ బద్దెపురుగు గుడ్లను పందికి తినిపించి, దాని కండల్లో తిత్తులు చూశారు. 1855లో జర్మన్ వైద్యుడు క్యూకెన్‌మైస్టర్ మరణశిక్ష పడిన ఖైదీకి తెలియకుండా ఆ తిత్తులను ఆహారంలో కలిపి పెట్టించి, శిక్ష అమలయ్యాక పేగులో పురుగులను కనుగొన్నారు. క్రూరమైన ప్రయోగమే, కానీ పందికీ మనిషికీ మధ్య తిరిగే చక్రం దానితో పూర్తిగా తెలిసింది. మనిషి మలంలోని గుడ్లు పందికి, పంది మాంసంలోని తిత్తులు మనిషికి. గుడ్లు మనిషి నోట్లోకే పోతే తిత్తులు మెదడుకు చేరి మూర్ఛ తెస్తాయి. చేతుల ద్వారా, కూరగాయల ద్వారా గుడ్లు రావచ్చు కనుక పంది మాంసం ముట్టనివాళ్లకూ ఈ జబ్బు వస్తుంది. ఈ పురుగు పాతుకుపోయిన ప్రాంతాల్లో మూర్ఛ కేసుల్లో సుమారు 30 శాతానికి ఇదే కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

నాలుక పరీక్షతో చిక్కేమిటంటే, ఒంట్లో కొద్ది తిత్తులే ఉన్న పంది దానికి దొరకదు. పైగా దొరికిన పందిని యజమాని కబేళాకు తీసుకెళ్లడు, తనిఖీ లేని చోట చవగ్గా అమ్ముకుంటాడు. పేదరైతు ఇంకేం చేయగలడు? అతన్ని తప్పుపట్టి లాభం లేదు.

ఈ లోటు తీర్చడానికి రక్త పరీక్ష పనికొచ్చింది. దానికి దారి వేసింది 1989లో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం శాస్త్రవేత్తలు మనుషుల కోసం రూపొందించిన పద్ధతి. పురుగు నుంచి వేరుచేసిన గ్లైకోప్రోటీన్లను, అంటే చక్కెర కలిసిన ప్రోటీన్లను పట్టీపై పరిచి, రక్తరసంలోని యాంటీబాడీలు, అంటే పురుగును ఎదుర్కోవడానికి ఒళ్లు తయారుచేసే పదార్థాలు, వాటికి అంటుకుంటాయేమో చూస్తారు. పెరూ పరిశోధకులు దాన్ని పందులకూ వాడారు. నాలుక పరీక్షకు చిక్కని పందులెన్నో ఇందులో బయటపడ్డాయి.

అయితే యాంటీబాడీ ఉందంటే మామూలుగా పందికి పురుగు తగిలిందనే అర్థం, తిత్తులు బతికున్నాయని కాదు. పైగా పురుగు తగలని పిల్లల్లో కూడా తల్లి పాల ద్వారా వచ్చిన యాంటీబాడీలు నెలల తరబడి నిలుస్తాయి. బతికున్న తిత్తులు విడుదల చేసే యాంటిజెన్ అనే పదార్థాన్ని పట్టే మరో పరీక్ష వచ్చింది కానీ, కుక్కల నుంచి పందులకు సోకే వేరే బద్దెపురుగును అది విడదీసి చెప్పలేదు.

అందుకే ఒక్కో పందికి తీర్పు చెప్పడం కన్నా ఊరి పరిస్థితిని చదవడానికే ఈ యాంటీబాడీ పరీక్ష బాగా పనికొస్తుందని నా అభిప్రాయం. 1994లో ప్రచురితమైన పెరూ అధ్యయనం చేసింది అదే. జబ్బు లేని పంది పిల్లలను ఊళ్లలో వదిలి, కొంతకాలం తర్వాత రక్తం పరీక్షించారు. యాంటీబాడీలు కనిపిస్తే ఆ చుట్టుపక్కల ఎవరి కడుపులోనో బద్దెపురుగు ఉన్నట్టు, వాళ్లకు మరుగుదొడ్డి అందనట్టు. పంది ఇక్కడ నేరస్థురాలు కాదు, సాక్షి.

పెరూలోని తుంబెస్ ప్రాంతంలో 2004 నుంచి దశలవారీగా మనుషులకూ పందులకూ మందులిచ్చి, పందులకు టీకా వేసి ఈ చక్రాన్ని తెంపే ప్రయత్నం జరిగింది. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో రూపొందిన పందుల టీకాను తర్వాత మార్కెట్ కోసం తయారుచేసింది హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్. కానీ టీకా అప్పటికే ఉన్న తిత్తులను చంపదు. దానికి ఆక్స్‌ఫెండజోల్ మందు కావాలి. ఆ మందుతో తిత్తులు చచ్చినా యాంటీబాడీలు వెంటనే పోవు. కాబట్టి తుంబెస్‌లో రక్తాన్ని మాత్రమే నమ్మకుండా పందులను కోసి చూశారు. చివరి దశలో 342 పందుల్లో 3 మాత్రమే బతికున్న తిత్తులతో దొరికాయి. 107 గ్రామాలకు గాను 105 గ్రామాల్లో వ్యాప్తి ఆగింది.